గుడి తిరిగినట్టు రెండు, ఎదురు తిరిగేవి రెండు: నా మొదటి క్వాడ్‌కాప్టర్ డైరీ

నవంబర్ 3, ఆదివారం

నా క్వాడ్‌కాప్టర్‌కి, అంటే నాలుగు రెక్కల డ్రోనుకి, కావాల్సిన చివరి పార్సిల్ కూడా వచ్చేసింది. ఇన్నాళ్లూ ఒక్కోటి వచ్చినప్పుడల్లా అల్మారాలో నా చొక్కాల వెనక పెట్టేవాణ్ణి. ఈరోజు అన్నీ తీసి మంచం మీద పరిచేసరికి మా ఆవిడ లెక్క కట్టేసింది. "పది వేలన్నవ్ గద!" రోజంతా ఆఫీసులో ఊళ్లోవాళ్ల బిల్లులు సరిచూసేవాణ్ణి, ఇంటి బిల్లు దగ్గర దొరికిపోయాను.

ఎఫ్450 ఫ్రేము 950, మోటార్లు నాలుగు 1,680, వాటి వేగం నడిపే ఈఎస్‌సీలు నాలుగు 1,800, ఎగిరేటప్పుడు మోటార్లని సర్దే కేకే 2.1.5 బోర్డు 2,100, రిమోటు రిసీవరుతో కలిపి 4,600, బ్యాటరీ 1,850, చార్జరు 1,900, రెక్కలు నాలుగు జతలు 440. మొత్తం 15,320 రూపాయలు. సోల్డరింగు సామాన్లు ఇందులో లేవు. ఆ సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.

కేకే బోర్డు పాతది, ఇప్పుడు కొత్త ఎఫ్4 బోర్డులూ, వాటిని నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేరూ ఉండగా ఇదెందుకు అని తెలిసినవాళ్లు అన్నారు. నిజమే. కానీ దీని మీద చిన్న తెర, నాలుగు బటన్లు ఉన్నాయి. సెట్టింగు మార్చాలంటే కంప్యూటర్ అక్కర్లేదు, పొలం గట్టు మీద కూర్చునే మార్చుకోవచ్చు. జీపీఎస్ లేదు, కెమెరా లేదు, ఉన్నచోట నిలబడే తెలివీ లేదు. గాలి ఎటు తోస్తే అటు పోతుంది, మనమే ఆపాలి. నేర్చుకునేవాడికి ఇదే మంచిదని నా లెక్క.

మోటారు మీద "ఏ2212, 1000 కేవీ" అని ఉంది. కేవీ అంటే కిలోవోల్టనుకుని మొదట కాస్త దూరంగానే పెట్టాను. కరెంటు స్తంభాలు చూసి పెరిగినవాళ్లకి అదే తడుతుంది. ఇక్కడ దానర్థం వోల్టుకు వెయ్యి చుట్లు. 11.1 వోల్టుల బ్యాటరీ ఇచ్చి రెక్క లేకుండా వదిలితే నిమిషానికి 11,100 చుట్లు. పది అంగుళాల రెక్క బిగిస్తే గాలిని తోయాలి కాబట్టి ఆ వేగం రాదు, కానీ ఒక్కో మోటారు గట్టిగా తిరిగితే సుమారు 800 గ్రాములు లేపుతుంది. నాలుగూ కలిపి 3.2 కిలోలు. మొత్తం బరువు అందులో సగం దాటకుండా చూసుకోవాలి. సగం బలం లేవడానికి పోతే, మిగతా సగం పడిపోకుండా సర్దుకోవడానికి ఉండాలి.

ఎగరేయడం ఎక్కడ అన్నది ఇంకో ముచ్చట. మేముండేది బొల్లారంలో. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ పక్కనే, ఇంటి మీదుగా హెలికాప్టర్లు పోతుంటాయి. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మా ఇల్లు ఎర్ర రంగులో ఉంది. అంటే డాబా మీద అడుగెత్తు కూడా లేపకూడదు. జనగామ దగ్గర మా ఊరు ఆకుపచ్చలో ఉంది, అక్కడ 400 అడుగుల దాకా ఎవరినీ అడగక్కర్లేదు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటి రెండు కిలోల లోపుంటే మైక్రో. సరదాకి ఎగరేసేవాళ్లకి పైలట్ లైసెన్సు వద్దు కానీ డ్రోనుకి గుర్తింపు నంబరు తీసుకోవాలి, ఫీజు 100 రూపాయలు. దరఖాస్తు పెట్టాను. ఈలోగా కట్టడం ఇక్కడ, ఎగరేయడం ఊళ్లో.

నవంబర్ 10, ఆదివారం

ఎఫ్450 ఫ్రేములో కింది ప్లేటే కరెంటు పంచే బోర్డు. మధ్యలో బ్యాటరీ తీగలు రెండు, చుట్టూ నాలుగు ఈఎస్‌సీల తీగలు ఎనిమిది, మొత్తం పది టంకాలు. ఇంట్లో ఎప్పటిదో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంటే దానితోనే మొదలుపెట్టాను.

లెడ్డు కరిగింది కానీ ప్లేటుకి అంటలేదు. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడింది. గంటన్నర కష్టపడి పదీ పూర్తిచేశాను. చూడ్డానికి ముత్యాల్లా ఉన్నాయి. కటింగ్ ప్లేయరుతో ఒక తీగ పట్టుకుని లాగితే ముత్యంతో సహా ఊడి చేతికొచ్చింది. రెండోదీ అంతే. మూడోది లాగకుండా లేచిపోయాను.

సాయంత్రం కోఠి వెళ్లాను. గుజరాతీ గల్లీలో ఆదివారం సగం షట్టర్లు దించే ఉంటాయి, తెరిచి ఉన్న కొట్లో పెద్దాయన నా ఫొటో చూసి నవ్వాడు. "లెడ్డు కరిగిస్తే కాదు సార్, ప్లేటు వేడెక్కాలె. అంత రాగి ఉన్నది, మీ ఐరన్ వేడంతా అదే తాగేస్తది." 60 వాట్ల ఐరన్, ఉలి మొన లాంటి వెడల్పు బిట్టు, 60/40 లెడ్డు, పేస్టు, మూడు సైజుల హీట్ స్లీవ్, ఒక మల్టీమీటర్ ఇచ్చాడు. 1,340 అయింది. ఈ అంకె ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయను.

నవంబర్ 13, బుధవారం రాత్రి

పాత లెడ్డంతా తీసేసి మళ్లీ వేశాను. పద్ధతి దొరికింది. ముందు ప్లేటుకి పేస్టు రాసి, బిట్టు ఆనించి మూడు నాలుగు సెకన్లు ఊరికే ఉండాలి. తర్వాత లెడ్డుని ఐరన్‌కి కాదు, ప్లేటుకి తాకించాలి. ప్లేటు సరిపడా వేడెక్కితే లెడ్డు దానంతట అదే పరుచుకుంటుంది, పెనం మీద నూనెలా. తీగ కొసకి కూడా ముందే లెడ్డు పట్టించి, రెండూ కలిపి ఒక్కసారి వేడి చేస్తే అయిపోయింది. ఇప్పుడు తీగ పట్టుకుని లాగితే ఫ్రేమంతా లేస్తోంది కానీ టంకం కదలట్లేదు.

నవంబర్ 17, ఆదివారం

బ్యాటరీ తగిలించే ముందు ఒక ఉపాయం. బైకు మెకానిక్ దగ్గర 12 వోల్టుల బ్రేక్ లైటు బల్బు తెచ్చి, బ్యాటరీ ప్లస్ తీగకి మధ్యలో పెట్టాను. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే కరెంటంతా బల్బు గుండా పోయి అది భగ్గున వెలుగుతుంది, వస్తువు మాత్రం కాలదు. షార్టు లేకపోతే ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతుంది. మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అంటే మాటలు కాదు. నాది 2200 ఎంఏహెచ్, 30సీ, అంటే కాగితం మీద 66 ఆంపియర్లు ఇవ్వగలదు. షార్టయితే తీగలు ఎర్రగా కాలిపోతాయి. ఇరవై రూపాయల బల్బు దీనికి కాపలా.

మిణుక్కుమని ఆరింది. ప్రాణం లేచొచ్చింది.

ఆ ఉత్సాహంలో మోటార్లు బిగించాను. మొదటి మూడూ సాఫీగా అయ్యాయి. నాలుగో మోటారుకి సంచీలో వచ్చిన మరలు అయిపోతే, ఇంట్లో ఉన్న అదే లావు మరలు వేశాను. రెండు మిల్లీమీటర్లు పొడుగు, ఏమవుతుందిలే అనుకున్నాను. ఎందుకో మల్టీమీటర్ చేతిలో ఉంది కాబట్టి మోటారు బాడీకీ దాని తీగకీ మధ్య పెట్టి చూశాను. బీప్ అంది. మర కొస లోపలికి పోయి రాగి చుట్టకి ఆనుకుంది! ఇన్సులేషన్ గీరుకుపోయింది. అలాగే కరెంటిచ్చి ఉంటే మోటారుతోపాటు ఈఎస్‌సీ కూడా పోయేది. మర తీసేశాక బీప్ ఆగింది కానీ ఆ మోటారు మీద నాకు నమ్మకం పోయింది. కొత్తది 420 పెట్టి ఆర్డర్ చేశాను. దీన్ని స్పేరుగా ఉంచుతాను, అదీ అవసరం మరీ ముంచుకొస్తేనే.

మర వేసిన ప్రతిసారీ బీప్ చూడాలి. రెండు మిల్లీమీటర్ల దగ్గర లెక్క తప్పినందుకు నా వృత్తి మీద నాకే అనుమానం వచ్చింది.

నవంబర్ 24, ఆదివారం

కొత్త మోటారు వచ్చింది. ఈరోజు దిశల పని.

ఒక మోటారు రెక్కని ఒక వైపు తిప్పితే, ఫ్రేము దానికి ఎదురు వైపు తిరగాలని చూస్తుంది. బావి గిలక దగ్గర చేద వేగంగా వదిలితే చేయి ఎదురు లాగినట్టు. నాలుగు మోటార్లూ ఒకే వైపు తిరిగితే ఫ్రేమంతా గిర్రున తిరుగుతుంది. అందుకే ఎదురెదురు మూలల్లోవి రెండు ఒక వైపు, మిగతా రెండు ఇంకో వైపు. ఒకరి లాగుడు ఇంకొకరి లాగుడుతో సరిపోతుంది. బండి ముఖం పక్కకి తిప్పాలంటే కూడా ఇదే కిటుకు. బోర్డు ఒక జత వేగం కొంచెం పెంచి, ఇంకో జతది అంతే తగ్గిస్తుంది. ఎత్తు మారదు, ముఖం తిరుగుతుంది. తోక లేదు, చుక్కాని లేదు, కదిలే భాగాలు నాలుగే.

కేకే బోర్డు లెక్కలో ముందు ఎడమది ఒకటి, ముందు కుడిది రెండు, వెనక కుడిది మూడు, వెనక ఎడమది నాలుగు. ఒకటీ మూడూ సవ్యం, రెండూ నాలుగూ అపసవ్యం. నేను సవ్యం, అపసవ్యం, పై నుంచి చూస్తే, కింద నుంచి చూస్తే అని గొణుక్కుంటుంటే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి తేల్చేసింది. "ఒకటీ మూడూ గుడి తిరిగినట్టు. రెండూ నాలుగూ ఎదురు. అంతే కదా డాడీ?" అంతే. స్కెచ్ పెన్నుతో ఫ్రేము చేతుల మీద గోపురం బొమ్మలు రెండు వేసింది.

అన్నిటికీ తీగలు ఒకేలా కలిపాను కాబట్టి నాలుగూ గుడి తిరిగినట్టే తిరిగాయి. ఈ మోటార్లకి మూడు తీగలుంటాయి. ఏ రెండింటిని మార్చి కలిపినా దిశ తిరగబడుతుంది. రెండో మోటారుకీ నాలుగోదానికీ మార్చాలి. ఫ్రేము తిరగేయడానికి అడ్డమని ఆ రెండింటి సిగ్నల్ తీగలు, అంటే బోర్డు మాట ఈఎస్‌సీకి చేర్చేవి, బోర్డు నుంచి పీకి, పని చేసుకుని మళ్లీ గుచ్చాను. రెండోదానికి ఒక తీగ బుల్లెట్ కనెక్టరులో సరిగా పట్టలేదు. మోటారు తిరగకుండా జ్వరం వచ్చినట్టు వణికింది. మూడు తీగల్లో ఒకటి అందకపోతే అలాగే వణుకుతుందట. టంకం మళ్లీ వేస్తే కుదిరింది.

రెక్కలు లేకుండా నాలుగూ తిప్పి, ఇరుసుకి అంటించిన కాగితం ముక్క ఎటు తిరుగుతోందో చూశాం. రెండు గుడి, రెండు ఎదురు. అమ్మాయి నాలుగు చోట్లా టిక్కు పెట్టింది.

నవంబర్ 30, శనివారం

రిమోటు ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6, ఆరు చానళ్లు. రిసీవరుతో జత కలపడం రెండు నిమిషాల పని. తర్వాత బోర్డు తెర మీద రిసీవర్ టెస్ట్ తెరిచి ఒక్కో కర్రా కదిపి చూశాను. కుడి కర్ర ముందుకు తోస్తే తెర మీద వెనక్కి అని చూపించింది. రిమోటు మెనూలో ఆ చానల్ని రివర్స్ చేస్తే సరిపోయింది. చూడకుండా ఎగరేసి ఉంటే, ముందుకు తోసినప్పుడల్లా నా మీదికే వచ్చేది.

కర్ర ఎంత కదిపితే ఎంత వేగమో ఈఎస్‌సీలన్నిటికీ ఒకేలా నేర్పే కాలిబ్రేషన్ కూడా అయింది. థ్రాటిల్, అంటే మోటార్ల వేగం పెంచే కర్ర, పైకి పెట్టి, బోర్డు మీద ఒకటో నాలుగో బటన్లు నొక్కి పట్టుకుని బ్యాటరీ తగిలించాలి. కూతలు వచ్చాక థ్రాటిల్ కిందికి. నాలుగు మోటార్లూ ఒక్క గొంతుతో కూశాయి. బోర్డుని ఆర్మ్ చేయాలంటే, అంటే మోటార్లు తిరగడానికి సిద్ధం చేయాలంటే, థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి, అదే కర్రని కుడికి పట్టుకోవాలి. తెర మీద సేఫ్ పోయి ఆర్మ్‌డ్ వస్తుంది. ఎడమకి పట్టుకుంటే మళ్లీ సేఫ్. దీన్ని చీకట్లో కూడా చేయగలిగేలా యాభైసార్లు చేశాను.

మోటార్లు తిరుగుతుండగా రిమోటు ఆపేసి చూశాను, సిగ్నల్ పోతే ఆగుతాయో లేదో. ఫెయిల్‌సేఫ్ పెట్టాక ఆగాయి.

డిసెంబర్ 8, ఆదివారం

బ్యాటరీ మొదటిసారి చార్జింగ్. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కంటే కిందికి దిగకూడదు, మూడు సెల్లులూ సమానంగా ఎక్కాలి. 2.2 ఆంపియర్ల మీద పెట్టి బ్యాలెన్స్ చార్జింగ్ చేశాను. బాల్కనీలో రాతి బండ మీద, అమ్మ కాలం నాటి మట్టి మూకుడులో బ్యాటరీ, పక్కన బకెట్ ఇసుక, దాని పక్కన కుర్చీ వేసుకుని నేను. పైన బట్టలారేయడానికి వచ్చిన ఇంటావిడ "ఏం వండుతున్నరు?" అని అడిగింది.

బోర్డుకి సమతలం ఎక్కడో చెప్పాలి. మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చాను. హాల్లో గచ్చు సమంగా ఉందనుకున్నాం ఇన్నాళ్లూ. బుడగ ఒక పక్కకి జరిగింది! పీట కింద అట్టముక్కలు పెట్టి సరిచేసి, దాని మీద పెట్టి కాలిబ్రేట్ చేశాను. రసమట్టం తిరిగిచ్చేటప్పుడు గచ్చు సంగతి చెబితే మేస్త్రీ "అది మేం కట్టిన ఇల్లు కాదు సార్" అన్నాడు.

వంటింటి కాటా మీద బరువు: రెక్కలు, బ్యాటరీతో కలిపి 1,020 గ్రాములు. లెక్కలోనే ఉంది.

డిసెంబర్ 15, ఆదివారం

నంబరు వచ్చింది, ఊరికి వచ్చాం. పత్తి తీసేసిన చెలక, మా చిన్నాయనది. ఉదయం ఏడున్నర, గాలి లేదు, మంచు ఇంకా పూర్తిగా విడలేదు.

ఇక్కడ డ్రోను కొత్త కాదు. వరికి మందు కొట్టే డ్రోన్లు కిరాయికి వస్తుంటాయి. చిన్నాయన దీన్ని చుట్టూ తిరిగి చూసి "మందు డబ్బ ఏడ కడ్తవుర?" అన్నాడు. మందు కొట్టదు, ఊరికే ఎగురుతుంది అంటే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పోతె ఎట్ల? దూడకు కట్టినట్టు ఓ తాడు కడుదమా?" అన్నాడు.

తాడు మంచిది కాదు, ఒక పక్కకి లాగి అదే పడేస్తుంది అని చెప్పాను. కానీ ఆయన ఆలోచన మరీ తప్పేం కాదు. 1907లో ఫ్రాన్సులో బ్రెగే అన్నదమ్ములు నాలుగు మూలలా రెక్కలున్న యంత్రం కట్టి మనిషిని కూర్చోబెట్టి లేపినప్పుడు, అది రెండడుగులు లేచింది, నలుగురు మనుషులు నాలుగు మూలలూ పట్టుకుని నిలబెట్టారు. సర్దే బోర్డు లేని కాలంలో మనుషులే బోర్డు. చిన్నాయన ఇది విని "ఆ నలుగుర్ల నేనొకణ్ణి అనుకో" అని ముందుకొచ్చాడు. చేతులు పెట్టొద్దని బతిమాలి ఇరవై అడుగులు వెనక్కి పంపాను.

రెక్కలు బిగించాను. అక్షరాలున్న వైపు పైకి. ఆర్మ్ చేసి థ్రాటిల్ నెమ్మదిగా పెంచాను. సగం దగ్గర కాళ్లు తేలికయ్యాయి. ఆ క్షణం నా గుండె చప్పుడు మోటార్ల చప్పుడు కంటే గట్టిగా ఉంది. ఇంకొంచెం పెంచానో లేదో, ఎవరో తన్నినట్టు పల్టీ కొట్టి వెల్లకిలా పడింది. రెండు రెక్కలు విరిగాయి. పత్తి మొదళ్ల మధ్య మట్టి ఎగిరింది.

నేను సరిగ్గా సమానంగా లేపలేదేమో అనుకుని రెక్కలు మార్చి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. లేవడమే లేదు, కాళ్లు తేలికవగానే తిరగబడుతోంది. మూడోసారికి రెక్కలు చాలవు.

చిన్నాయన ఏమీ అనలేదు. ఇంటికి తీసుకెళ్లి చాయ్ ఇప్పించాడు. ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

డిసెంబర్ 18, బుధవారం

మూడు రోజులుగా సరిచూడాల్సిన వాటి పట్టిక మళ్లీ మళ్లీ చదువుతున్నాను. దిశలు సరే. రెక్కలు సరే. బోర్డు మీద బాణం ముందుకే ఉంది. కర్రలు సరే. కాలిబ్రేషన్ రెండుసార్లు చేశాను.

ఈరోజు రాత్రి అమ్మాయి తన ఫోన్లో తీసిన వీడియో నెమ్మదిగా నడిపి చూపించింది. "డాడీ, రెండుసార్లూ అదే మూలకి పడ్డది చూడు." నిజమే. రెండుసార్లూ ముందు కుడి మూల కుంగింది, వెనక ఎడమ మూల లేచి మీది నుంచి వచ్చింది. ఇంకో రెండు మూలలు ఇరుసుల్లా ఉన్నాయి, అటు ఏ తగాదా లేదు.

రెక్కలు తీసేసి, బ్యాటరీ పెట్టి, ఆర్మ్ చేసి, థ్రాటిల్ కొంచెం పెంచి, చేత్తో పట్టుకుని ఒక్కో మూలా వంచి చూశాం. వంగిన మూలలో మోటారు వేగం పెరగాలి, ఆ మూలని తిరిగి లేపడానికి. ముందు ఎడమ వంచితే ముందు ఎడమదే పెరిగింది. వెనక కుడి వంచితే వెనక కుడిదే. ముందు కుడి వంచితే వెనక ఎడమది కీచుమని అరిచింది. వెనక ఎడమ వంచితే ముందు కుడిది.

రెండో తీగా నాలుగో తీగా ఒకదాని చోట ఒకటి గుచ్చాను! నవంబర్ 24న ఫ్రేము తిరగేయడానికి అడ్డమని పీకానే, ఆ రెండే. పడిపోతున్న మూలని పట్టుకోవాల్సిన బోర్డు, పొరపాటున ఎదుటి మూలని ఎత్తుతోంది. ఎంత పడితే అంత గట్టిగా పడేస్తోంది.

మా దిశల పరీక్షలో ఇది దొరకకపోవడానికి కారణం చూస్తే నవ్వొచ్చింది. తీగలు తారుమారైనా తిరిగే వైపు సరిగ్గానే ఉంటుంది. ఒకటీ రెండూ తారుమారై ఉన్నా ఇంతే, బోర్డు వైపు తీగ మారితే మోటారు దిశ మారదు. అంటే మేం నాలుగు చోట్లా పెట్టిన టిక్కులు మోటారు తీగల గురించి, బోర్డుకి ఎవరెక్కడున్నారో ఆ పరీక్ష ఏమీ చెప్పలేదు. టోటల్ కలిసింది కదా అని ఖాతాలు చూడకుండా సంతకం పెట్టినట్టు.

పైగా నాకు ముందే ఒక సూచన అందింది, నేనే కొట్టిపారేశాను. రెక్కలు లేకుండా తిప్పినప్పుడు మోటార్లు వాటంతట అవే వేగం పెంచుకోవడం, తగ్గించుకోవడం చూశాను. రెక్కలు లేనప్పుడు అది మామూలే. బోర్డు సర్దుతుంది, ఫ్రేము కదలదు, ఇంకా చాలలేదేమో అని బోర్డు ఇంకా పెంచుతూ పోతుంది. అది నిజమే కాబట్టి, దాని వెనక ఇంకో తప్పు దాక్కుంటే చూడలేదు.

పీకి మార్చి గుచ్చడానికి పది సెకన్లు పట్టింది. ఈసారి అమ్మాయి ఒక్కో తీగకీ వేరే రంగు గోళ్ల రంగు పూసింది. నాలుగు మూలలూ నాలుగుసార్లు వంచి చూశాం. కొత్త రెక్కలు ఆరు జతలు ఆర్డర్ చేశాను.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి

హైదరాబాదులో ఈ వారం ఆకాశమంతా పతంగులే, మాంజా దారాలే. ఊళ్లో కాస్త నయం. అయినా పతంగుల పిల్లలు లేచేలోపే వెళ్లాం, ఆరున్నరకి. పొలాల్లో నాట్లు మొదలై నీళ్లు పెట్టారు కాబట్టి మళ్లీ చెలకకే. పత్తి కట్టె పీకేశారు, నేల చదునుగా ఉంది. చిన్నాయనకి పండుగ పొద్దున పనులున్నా వచ్చాడు.

లేచింది.

నడుము ఎత్తున నిలబడింది. నిలబడింది అంటే, సముద్రంలో పడవ నిలబడినట్టు. ఒక పక్కకి జారుతుంది, కర్రతో ఆపితే ఇంకో పక్కకి జారుతుంది. చేతులు బిగుసుకుపోయి నేను ప్రతిదానికీ రెండింతలు దిద్దుతున్నాను. పన్నెండు సెకన్లు. దించాను అనడం కంటే కింద పడకుండా ఆగింది అనడం న్యాయం. చిన్నాయన "గింత చిన్నదానికి గంత సప్పుడా!" అన్నాడు. ఆయన నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

రెండోసారి ఎగరేసేటప్పుడు ఒక సంగతి కనిపెట్టాను. నేలకి దగ్గరగా ఉంటేనే ఎక్కువ తికమక. రెక్కలు తోసిన గాలి నేలకి కొట్టి తిరిగొచ్చి దాన్నే ఊపుతుంది. భయంతో మోకాలెత్తునే ఉంచితే భయం ఎక్కువవుతుంది. ధైర్యం చేసి మనిషెత్తు దాటించేసరికి సగం కుదుటపడింది. బోర్డులో సెల్ఫ్ లెవల్ ఆన్ చేశాను, కర్ర వదిలితే దానంతట అదే సమంగా వస్తోంది. సన్నగా వణుకు ఉంది, మెనూలో గెయిన్, అంటే బోర్డు ఎంత గట్టిగా సర్దాలో చెప్పే అంకె, రెండుసార్లు తగ్గించాక పోయింది. గట్టు మీద కూర్చునే మార్చాను, అనుకున్నట్టే.

మూడో విడత ఆరు నిమిషాలు ఆగకుండా ఎగిరింది. సెల్లుకి 3.5 వోల్టులకి అలారం పెట్టాను. అది కూయగానే దించేశాను. ఆ కూతకి పక్క చేలో కొంగలు లేచిపోయాయి. మొత్తం తొమ్మిది నిమిషాల ఎగురుడు ఒక్క బ్యాటరీ మీద.

జనవరి 15, బుధవారం, కనుమ

ఇవాళ అమ్మాయి చేతికిచ్చాను. నాకంటే బాగా పట్టుకుంది, చేతులు బిగించలేదు. కానీ ముఖం మన వైపు తిరిగిన క్షణం చిక్కు మొదలైంది. దాని ఎడమ మన కుడి అయిపోతుంది. ఎడమకి పంపాలని ఎడమకి తోస్తే కుడికి పోతుంది. కంగారులో ఇంకా తోస్తే ఇంకా పోతుంది. కంది చేలోకి పోయి కూర్చుంది. చేతి చివర కాలు ఒకటి విరిగింది, రెక్క ఒకటి. కంది చేను పక్కవాళ్లది, చిన్నాయన వెళ్లి మాట్లాడి వచ్చాడు.

ఫ్రేముకి ముందు రెండు చేతులు ఎరుపు, వెనక రెండూ తెలుపు. దగ్గర్లో బాగా కనిపిస్తాయి, నలభై అడుగులు దాటి సూర్యుడి వైపు పోతే అన్నీ నలుపే. అమ్మాయి గొబ్బెమ్మల దగ్గరి నుంచి మిగిలిన బంతిపూల దండ ముక్క వెనక చేతికి కట్టబోయింది. రెక్కకి తగిలితే దండ కాదు, పిండి అవుతుంది అని ఆపి, వెనక చేతుల కింది వైపుకి పసుపు రంగు టేపు చుట్టాం. కొన్నాళ్లు తోక మన వైపే ఉంచి ఎగరేయాలి. ముఖం తిప్పడం ఎనిమిది అంకె వేయడం నేర్చాక.

జనవరి 19, ఆదివారం

బొల్లారం తిరిగొచ్చాం. శుభ్రం చేస్తుంటే మూడో మోటారు మిగతావాటి కంటే గరగరమంటోంది. చెలక మట్టి బేరింగులోకి పోయినట్టుంది. బ్రష్షుతో దులిపి, ఒక్క చుక్క నూనె వేశాను. తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. స్పేరు మోటారు ఉంది కానీ అది ఆ మర గుచ్చుకున్నదే, దాన్ని పెట్టే ధైర్యం లేదు. ఇంకో 420.

నాలుగు చేతుల మరలన్నీ చూశాను, రెండు వదులయ్యాయి. మరలు వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు లాక్‌టైట్, వేసి బిగించాను. బిగించాక బీప్ చూశాను. కాలు విరిగిన చోట కొత్తది ఆర్డర్ పెట్టాను. బ్యాటరీని నిండుగా కాకుండా, ఖాళీగా కాకుండా సెల్లుకి 3.8 దగ్గర స్టోరేజీ మోడ్‌లో దించి మూకుడులో పెట్టాను.

ఖర్చు ఇప్పటికి 18,900 దాటింది. మా ఆవిడ అడగలేదు. చిన్నాయన నిన్న ఫోన్ చేశాడు, ఉగాదికి వచ్చేటప్పుడు తెమ్మన్నాడు. ఈసారి తాడు ప్రస్తావన లేదు. చెలకలో అప్పటికి నువ్వులు వేస్తాడట, అందుకని ఊరి చెరువు కట్ట అవతల గడ్డి నేల చూసి పెట్టాడట.